దయామణి ఊళ్లు

సోమవారం చెయ్యాల్సిన పనులను నా నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను.

ఒకటి, కార్డులో ఎంత జాగా మిగిలిందో చూసి రిజిస్టరులో ఎక్కించాలి. రెండు, నిరుటి పత్తి విత్తనాల ప్రకటనలన్నీ తీసెయ్యాలి. మూడు, పార్టీల మీటింగులవి నూర్ భాయ్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. నాలుగు, దయామణక్క ఊళ్లు సరిగా ఉన్నాయో లేదో విని, కంప్యూటర్లోకి కాపీ చెయ్యాలి. ఐదు, అన్నీ అయ్యాక ఆప్టిమైజ్ కొట్టాలి. ఆరు, ఏసీ కింద బకెట్ నీళ్లు పారబోయాలి.

ఆరో పని ముందు చేశాను, బకెట్ నిండి గడపదాకా తడి వచ్చింది కాబట్టి. మిగతావి వరసగా చేసుకుంటూ పోయి నాలుగో దాని దగ్గర ఆగిపోయాను. ఐదోది ఆ రోజు చేసి ఉంటే ఇప్పుడు రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మాది బెల్లంకొండ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక నరసరావుపేటలో నూర్ మొహమ్మద్ గారి సౌండ్ షాపులో చేరాను. అప్పటికి నాలుగు నెలలు. మైకులూ బాక్సులూ అద్దెకివ్వడం ఆ షాపులో ఒక పని, ఆటోలకు కట్టి ఊళ్లలో తిప్పే ప్రకటనలు రికార్డు చెయ్యడం రెండో పని. రికార్డింగు గదిలో ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డర్ ఒకటుంది. చపాతీ పీట కన్నా కొంచెం పెద్దది. పాతది. రెండు జీబీ దాటిన మెమరీ కార్డు పెడితే దానికి కళ్లు కనపడవు, కార్డు లేదంటుంది. ఆ చిన్న కార్డులోనే అందరి గొంతులూ సర్దుకోవాలి. అందుకే మా షాపులో జాగా అంటే గది కాదు, ఆ కార్డే.

దయామణక్క గురించి చెప్పాలి. మాచర్ల నుంచి సత్తెనపల్లి దాకా ఆమె గొంతు వినని ఊరు ఉండదు. పద్దెనిమిదేళ్లు చెప్పింది. సర్కసు వచ్చినా, పోలియో చుక్కలు వేస్తున్నా, ఎవరైనా పెద్దమనిషి చనిపోయినా ఆటోలోంచి వచ్చేది ఆ గొంతే. నిరుడు ఆమె గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చెయ్యాలన్నారు, చేస్తే మాట ఉండదన్నారు. ఆపరేషన్‌కి వారం ముందు ఆమె మా షాపుకు వచ్చి రెండు రోజులు కూర్చుని పల్నాడులోని ఊళ్ల పేర్లన్నీ చదివింది. ఒక్కో ఊరు మూడు రకాలుగా. సంతోషానికి ఒకటి, మీటింగుకి ఒకటి, చావుకబురుకి ఒకటి. అంకెలు చదివింది, వారాలు చదివింది, "మీ గ్రామానికి విచ్చేస్తున్నారు" లాంటి వాక్యాలు చదివింది. గంటకు పైగా వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆ ముక్కలు కోసి, కలిపి, కొత్త ప్రకటనలు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. ప్రతి ప్రకటనకీ ఆమె వంతు డబ్బు ఆమెకు వెళ్లేది. ఆమె బతుకుతెరువంతా ఆ ఒక్క పాటలో ఉంది. రికార్డర్ దేన్నయినా పాటే అంటుంది, చావుకబురైనా సరే.

దానికి మేం పెట్టుకున్న పేరు దయామణి ఊళ్లు.

సోమవారం పొద్దున ఆ పాట తెరిచి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ప్లే నొక్కాను. ఏమీ రాలేదు. తెర మీద సెకన్లు కదులుతున్నాయి. మొదటి ట్రాకు ఎదురుగా నల్ల గీత ఉండాలి, శబ్దం ఉన్నంత మేరా ఆ గీత ఉంటుంది. గీత లేదు. మిగతా ఏడు ట్రాకులూ ఎప్పుడూ ఖాళీయే. ఎనిమిదింటినీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి విన్నాను. నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

రిజిస్టరు తీశాను. అది పున్నయ్య బాబాయ్ రాసేది. ఇరవై ఏళ్లుగా షాపులో రికార్డింగు ఆయనదే. కంటికి శుక్లాలొచ్చి ఆపరేషన్ చేయించుకోవడానికి వెళ్తూ మిషన్ నాకప్పగించాడు. రికార్డు చెయ్యడం, వినడం, పేరు పెట్టడం, తీసెయ్యడం, ఇవే నేర్పాడు. ఆయన రిజిస్టరులో ప్రతి పాటకూ పేరు, ఎంత జాగా తింటుందో ఆ అంకె, చివర ఏదైనా మాట ఉంటాయి. తేదీలు ఉండవు. ఆఖరి పేజీలో, ఆయన రాతలన్నిటికన్నా కింద, ఇలా ఉంది:

"ద.మణి ఊళ్లు. 412. ఎత్తాను. అ-8."

ఎత్తాను. ఆ మాట దగ్గర నా వేలు ఆగింది. మా వైపు ఎవరైనా సైకిలెత్తితే పోలీసులు వస్తారు. పక్కన అ-8. షాపులో అ అక్షరంతో పేరున్నవాడు ఒక్కడే, అల్తాఫ్, నూర్ భాయ్ మేనల్లుడు. ఎనిమిదో తారీఖున భాయ్ ఎవరిదో పెళ్లికని చిలకలూరిపేట వెళ్లాడు. ఆ రోజు షాపులో ఉన్నది పున్నయ్య బాబాయ్, అల్తాఫ్. నేను రేషన్ కార్డు పని మీద ఊరికి వెళ్లాను.

ఆ ఆలోచనలో ఉండగానే అల్తాఫ్ లోపలికొచ్చాడు.

"ఏంది, ఇంకా కొట్టలేదా ఆప్టిమైజ్?"

"లేదన్నా. దయామణక్క ఊళ్లు వింటున్నా."

అతని చెయ్యి తలుపు గొళ్లెం మీదే ఉండిపోయింది. "వినాల్సిందేముంది? ఊళ్లేగా. రోజూ బస్టాండులో వినపడతన్నయ్యి. జాగా కావాలన్నాడు మామూ. కొట్టెయ్."

"ట్రాకు ఖాళీగా ఉందన్నా."

"ఖాళీగా ఉంటే ఇంకా మంచిదే గదా," అన్నాడు. నవ్వాడు గానీ ఆ నవ్వు మూతి దగ్గరే ఆగింది. "చెత్త ఊడ్చినట్టు ఊడ్చుద్ది. మిషన్‌కి కూడా తేలిగ్గా ఉంటది."

అతను వెళ్లాక తెర మీద పాట వివరాలు చూశాను. అక్కడే నాకు అనుమానం రెండింతలైంది. ట్రాకులన్నీ ఖాళీ, కానీ పాట సైజు 412 అనే ఉంది. ఈ మిషన్ సంగతి నాకు నాలుగు నెలల్లో ఒకటి తెలిసింది. ట్రాకు చెరిపితే చెరిగినట్టు కనపడుతుంది, కానీ జాగా వెనక్కి రాదు. చెరిపింది లోపల ఎక్కడో ఉంటుంది. ఆప్టిమైజ్ కొడితేనే అది నిజంగా పోతుంది. కొట్టేముందు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, వాడనివన్నీ తీసెయ్యాలా అని. అంటే ఎవరో దయామణక్క గొంతు చెరిపారు, కానీ ఆ గొంతు ఇంకా కార్డులోంచి బయటికి పోలేదు. ఐదో పని చేసిన మరుక్షణం పోతుంది. ఆ పని చెయ్యమని ఒక మనిషి తొందరపెడుతున్నాడు.

పున్నయ్య బాబాయ్‌కి ఫోన్ చేశాను. మూడుసార్లు మోగింది. ఎత్తలేదు.

పదకొండింటికి దయామణక్క వచ్చింది. ప్రతి సోమవారం వస్తుంది. మెడకు తెల్ల గుడ్డ చుట్టుకుని, చేతిలో పొడుగు నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. కుర్చీ లాక్కుని కూర్చుని రాసి నా ముందుకు తోసింది.

"ఈ వారం ఏ ఊళ్లకి పోతన్నా?"

ఎప్పుడూ అలాగే అడుగుతుంది. నా గొంతు ఏ ఊళ్లకి పోతోంది అని రాయదు.

"తిరునాళ్ల వస్తుంది గదక్కా. బట్టల షాపోళ్లు నలభై ఊళ్లు తిప్పుతారంట. బుధవారం వాళ్లొస్తారు," అన్నాను. అది నిజమే. మిగతాది చెప్పలేక బకెట్ వైపు చూశాను.

ఆమె నా ముఖం చూసింది, తర్వాత తెర చూసింది. పద్దెనిమిదేళ్లు ఈ గదిలో కూర్చున్న మనిషి. నల్ల గీత లేకపోతే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెన్ను కాగితం మీద గట్టిగా ఆనింది.

"నా ఊళ్లేయి?"

"చూస్తన్నానక్కా."

"చూడటానికి ఏముంది అక్కడ?" అని రాసింది. దాని కిందే, "ఎవరమ్ముకున్నారు?" దాని కింద, "నువ్వా?"

ఆ ప్రశ్న మీద నాకు కోపం రాలేదు. నేనామె స్థానంలో ఉన్నా అదే రాసేదాన్ని. రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఎత్తాను, అ-8. ఆమె రెండుసార్లు చదివింది. లేచి వెళ్లి కౌంటరు దగ్గరున్న నూర్ భాయ్ చొక్కా చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చింది.

భాయ్ రిజిస్టరు చదివి కళ్లజోడు తీశాడు. అల్తాఫ్ బయట బాక్సులు లోడు చేయిస్తున్నాడు. భాయ్ తలుపు దగ్గరగా వేశాడు.

"పిడుగురాళ్ల నదీం పోయిన నెల అడిగాడు నన్ను. దయామణి గొంతు మా షాపుకీ ఒక కాపీ ఇయ్యండి భాయ్ అని. ఇయ్యనన్నా. వారం తిరక్కముందే పున్నయ్యతో టీ తాగతా కనపడ్డాడు. నేనేం అనుకోలా అప్పుడు."

"పున్నయ్య బాబాయ్ అట్టాంటోడా భాయ్?"

"ఎవుడెట్టాంటోడో నాకేం తెలుసమ్మా. ఇరవై ఏళ్లు పని చేశాడు. ఇరవై ఏళ్లూ నేను లెక్క అడగలా." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. పోయింది పోయింది. బుధవారం బట్టల షాపోళ్లు కొత్త అమ్మాయిని తెచ్చుకుంటారో, నువ్వే చదువుతావో చూద్దాం. రేపు సాయంత్రానికి కార్డు ఖాళీగా ఉండాల. ఆప్టిమైజ్ కొట్టెయ్."

దయామణక్క నోటుబుక్కు ఎత్తి ఆయన మొహానికి జానెడు దూరంలో పట్టుకుంది. పెద్ద అక్షరాలతో ఒకే మాట ఉంది: "కొడితే చూడు."

భాయ్ కౌంటరు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లేముందు నా నోటుబుక్కు తెరిచి, నా పనుల జాబితాలో ఐదోదాన్ని తన పెన్నుతో కొట్టేసింది.

ఆ రాత్రి నేనుండే హాస్టల్లో నాకు ముగ్గురి మీదా అనుమానం ఉంది. బాబాయ్ ఎత్తి అల్తాఫ్‌కి ఇచ్చాడా, అల్తాఫ్ ఎత్తమంటే బాబాయ్ ఎత్తాడా, లేక భాయే నదీంతో మాట్లాడుకుని మా ముందు నాటకమాడుతున్నాడా. ఒక్కటి మాత్రం తెలుసు. పొద్దున నేను లేనప్పుడు ఎవరు ఆ గదిలోకి వెళ్లి రెండు మీటలు నొక్కినా దయామణక్క గొంతు ఇక లేదు.

మంగళవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తగానే లోపలికి వెళ్లి, మిషన్ ఆపి, కార్డు తీసి, చేతిరుమాల్లో చుట్టి, పర్సు లోపలి జిప్పులో పెట్టుకున్నాను. బస్టాండుకు నడిచి కారంపూడి బస్సెక్కాను. పున్నయ్య బాబాయ్ అక్కడ కూతురింట్లో ఉన్నాడు.

బస్సు ఊరు దాటాక ఫోన్ మోగింది. నూర్ భాయ్.

"భవ్యా, మిషన్లో కార్డు లేదు. ఎవరెత్తారు?"

"నేనే ఎత్తాను భాయ్," అన్నాను.

అన్నాక నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తర్వాత ఆయన గొంతు మారింది. అంతకుముందు ఎప్పుడూ నన్ను అలా పలకరించలేదు.

"డిగ్రీ చదివినదానివని మిషన్ నీకప్పజెప్పా. యాడికి తీసుకుపోతన్నావు? పిడుగురాళ్లకా?"

"పున్నయ్య బాబాయ్ దగ్గరికి భాయ్. సాయంత్రానికల్లా తెస్తాను."

"బస్సు చప్పుడు వినపడతంది. ఏ బస్సో నాకేం తెలుసు? అల్తాఫ్ చెప్తానే ఉన్నాడు, ఆ అమ్మాయి నిన్నటి నుంచి అదోలా ఉందని." ఫోన్ పెట్టేశాడు.

నేను అబద్ధమాడింది లేదు. అయినా ఆ బస్సులో దొంగలాగే కూర్చున్నాను. పర్సు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాను. పక్కన మిరపకాయ కోతలకు పోయే ఆమె తన సద్దిమూట కాస్త అవతలికి జరుపుకుంది.

పున్నయ్య బాబాయ్ పందిరి కింద మంచం మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు వాకిట్లో కల్లం పోసినట్టు ఎర్రగా మిరపకాయలు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఎవరదీ?"

"నేను బాబాయ్, భవ్యని."

"ఏందమ్మా, నా కన్ను చూడటానికొచ్చావా? ఉట్టి చేతులతోనే వచ్చినట్టున్నావే, బత్తాయిల వాసన రావట్లా."

నాకు నవ్వు రాలేదు. "ఫోనెందుకు ఎత్తలేదు?"

"ఫోను అమ్మాయి పట్టుకుపోయింది కోతకి. డాక్టరు తెర చూడొద్దన్నాడుగా. ఏమైంది? గొంతు అట్టా ఉందేంది?"

నిలబడే అడిగాను. "దయామణక్క ఊళ్లు మీరే ఎత్తారా?"

"నేనే ఎత్తా."

చాలా తేలిగ్గా అన్నాడు. మంచం పట్టె మీద కూర్చున్నాను. "ఎవరికిచ్చారు బాబాయ్? నదీంకా? అల్తాఫ్‌కా?"

ఆయన కళ్లద్దాలు నా వైపు తిరిగాయి. "ఇయ్యడమేంది?"

"రిజిస్టరులో మీరే రాశారుగా. ఎత్తాను అని. అ-8 అని. అల్తాఫ్‌కి, ఎనిమిదో తారీఖున."

ఆయన మంచం మీద అరచేత్తో కొట్టి, "ఓసి నీ తెలివి తెల్లారా," అన్నాడు. "ఎత్తాననే గదా రాసింది? ఎత్తేశానని రాశానా? మీ అమ్మ మిరపకాయల బస్తా ఎత్తానంటే అమ్ముకుందనా? ఎలక కొట్టకుండా ఎత్తిపెట్టిందని గదా!"

"ఎత్తిపెట్టారా? ఎక్కడ?"

"అటక మీద. రాశాగా, అ-8. అటక ఎనిమిది."

"మిషన్‌కి అటకేంది బాబాయ్?"

"మీ ఇంట్లో అటక లేదా?"

"మాది రేకులిల్లు. అటక లేదు."

"అందుకా నీకు తెలవంది," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. చేతులతో గాల్లో చూపించాడు. "ఒక్కో ట్రాకూ ఒక్కో గది అనుకో. గది పైన ఎనిమిది అరలున్నయ్యి. ఒక్కసారి ఒక్క అరే మోగిద్ది. తెర మూల మీద చిన్న ఇంగ్లీషు వి, పక్కన ఒకటి కనపడిద్దే, చూళ్లా? ఆ ఒకటిని తిప్పితే రెండు, మూడు, అట్టా ఎనిమిది దాకా. దయామణి ఊళ్లు ఎనిమిదో ట్రాకు, ఎనిమిదో అరలో పెట్టా. ఎవరి చెయ్యీ అందదని."

ఆ చిన్న వి, ఒకటి రోజూ చూసేదాన్ని. మిషన్ మోడల్ నంబరేమో అనుకునేదాన్ని. అడగలేదు. డిగ్రీ చదివినదాన్ని కాబట్టి అడగలేదు.

"ఎవరి చెయ్యి అందుద్దని భయం బాబాయ్?"

ఆయన గొంతు తగ్గించాడు, వాకిట్లో మిరపకాయలు తప్ప వినేవాళ్లు లేకపోయినా. "నదీం అడిగాడు. టీ తాగించి మరీ అడిగాడు. తాగి, ఇయ్యనని చెప్పా. అదొకటి. ఇంకోటి, ఎనిమిదో తారీఖు మజ్జాన్నం నేను అన్నం తిని వచ్చేసరికి మిషన్ మీద ఎర్ర లైటు వెలగతంది. రికార్డు లైటు. ఎదురుగా అల్తాఫ్. ఏందిరా అంటే, ఏం లేదు మైకు చూస్తన్నా అన్నాడు. ఏ పాట మీద చూశాడో, ఎంత పోయిందో నాకు కనపడలా. కళ్లు మసకలు. ఉన్నది ఉన్నట్టు పైకెత్తి పెట్టి పొద్దున్నే ఆసుపత్రికి పోయా."

"మాకెవరికీ చెప్పలేదే?"

"చెప్తే ఇంక ఎత్తిపెట్టడమేంది? ఎవరి మీద నమ్మకంతో చెప్పమంటావు? నువ్వొచ్చి నాలుగు నెల్లు. రాశాగా, చాలదా?"

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. "బాబాయ్, ఆప్టిమైజ్ కొడితే?"

"కొడితే అటక దులిపిద్ది. మోగే అర ఒక్కటే ఉంచి, తతిమ్మావన్నీ వాడట్లేదనుకుని ఊడ్చేసుద్ది," అన్నాడు. అని, నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "కొట్టావా?"

"లేదు."

"కొట్టావేందే?" ఈసారి గట్టిగా.

"లేదు బాబాయ్. కార్డు ఇక్కడే ఉంది." పర్సు ఆయన చేతికిచ్చాను. ఆయన జిప్పు మీద నుంచే దాన్ని తడిమి చూసి వెనక్కిచ్చాడు.

మూడింటికి షాపుకు వచ్చాను. నూర్ భాయ్, అల్తాఫ్, దయామణక్క ముగ్గురూ రికార్డింగు గదిలోనే ఉన్నారు. ముగ్గురూ ఒకరికొకరు దూరంగా కూర్చున్నారు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. కార్డు పెట్టి, పాట తెరిచి, ఎనిమిదో ట్రాకు నొక్కి, వి పక్కన ఒకటిని తిప్పాను. రెండు. మూడు. ఏడు. ఎనిమిది. నల్ల గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకు పడింది. హెడ్‌ఫోన్ పీకి, గదిలో బాక్సుకు వదిలాను.

"నరసరావుపేట. నరసరావుపేట. నరసరావుపేట."

ఒకటి సంతోషానికి, ఒకటి మీటింగుకి, ఒకటి చావుకి. దయామణక్క రెండు చేతులతో మెడ గుడ్డను పట్టుకుంది. సత్తెనపల్లి వచ్చింది. రాజుపాలెం వచ్చింది. తర్వాత గదిలో ఇంకో గొంతు మోగింది.

"హలో. చెక్. చెక్. హలో, వన్ టూ. ఈ మైకు ముసలిదైపోయింది రా బాబూ. చెక్."

అది అల్తాఫ్ గొంతు. ఆ తర్వాత పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల, రెంటచింతల, మళ్లీ ఆమె గొంతులోనే. మాచర్ల దాటి చివరిదాకా అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక్కటే లేదు. రాజుపాలానికీ పిడుగురాళ్లకూ మధ్య ఆమె బెల్లంకొండ చదివింది. మూడు రకాలూ పోయాయి.

భాయ్ మేనల్లుడి వైపు తిరిగాడు. "ఏందిరా ఇది?"

"మామూ, ఖుదా కసమ్, చూసుకోలా." అల్తాఫ్ నేల చూస్తూ అన్నాడు. "ఏ పాట తెరిచుందో చూడకుండా నొక్కా. కొంచెమే పోయుండిద్దిలే అనుకున్నా. రెండ్రోజులాగి చూస్తే ట్రాకంతా ఖాళీ. మొత్తం నేనే చెరిపేశాననుకున్నా."

"అనుకుని ఆప్టిమైజ్ కొట్టమని ఈ పిల్ల వెంట పడ్డావా? ఆనవాళ్లు లేకుండా?"

అల్తాఫ్ చెప్పింది నిజమేనని నేను అనుకుంటున్నాను. అయినా ఈ రోజుకీ మిషన్ వదిలి అన్నానికి వెళ్లేటప్పుడు కార్డు తీసి నా దగ్గరే పెట్టుకుంటాను. భాయ్ నాకు సారీ చెప్పలేదు. "టీ చెప్పండ్రా" అన్నాడు, అందరి కన్నా ముందు గ్లాసు నాకందించాడు.

వెంటనే ఊళ్లన్నీ కంప్యూటర్లోకి ఒకటి, పెన్‌డ్రైవులోకి ఒకటి కాపీ చేశాను. పెన్‌డ్రైవు దయామణక్క చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని నోటుబుక్కు తీసింది.

"పోయిందేది?"

"బెల్లంకొండ అక్కా."

"అది నీ ఊరు కదే?"

"అవునక్కా."

"అయితే పీడా పోయింది. నువ్వే చెప్పు." రాసి, మైకు వైపు వేలు చూపించింది.

నాకు చేతకాదన్నాను. ఆమె రాయలేదు, టేబుల్ మీద వేలితో కొట్టింది. మొదలుపెట్టమని. నేను చెప్పాను. అడ్డంగా తల ఊపింది. మళ్లీ చెప్పాను. మళ్లీ ఊపింది. కాగితం మీద రాసింది: "బడిలో హాజరు పలికినట్టుంది. ఊరు పేరు పిలిస్తే ఊళ్లో వాళ్లు తల తిప్పాల."

సంతోషానిది ఆరోసారికి కుదిరింది. మీటింగుది మూడోసారికే వచ్చింది. చావుకబురుది ఎంతకీ రాలేదు. నా ఊరి పేరు ఆ గొంతుతో అనాలంటే నాలుక తిరగడం లేదు. దయామణక్క లేచి నా పక్కన నిలబడింది. నా వీపు మీద చెయ్యి ఆనించి, బెల్లం దగ్గర ఒకసారి, కొండ దగ్గర ఒకసారి, నెమ్మదిగా తట్టింది. ఆమె పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఆ పెదాలను చూస్తూ చెప్పాను. చెప్పడం అయ్యాక ఆమె చెయ్యి తియ్యలేదు. తెర మీద గీత పడింది. భాయ్ తలుపు దగ్గర నుంచి "బాగుంది" అన్నాడు. ఆమె తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. చాల్లే అన్నట్టు ఎర్ర లైటు తనే ఆపేసింది.

ఆ తర్వాత జాగా కోసం వేరే పాటలు తీసేశాను. దయామణి ఊళ్లను ఎనిమిదో అరలోనే ఉంచాను. రిజిస్టరులో నా చేత్తో కొత్త వరస రాశాను. "దయామణి ఊళ్లు. 414. అటక మీద ఎత్తిపెట్టాను, ఎనిమిదో ట్రాకు, ఎనిమిదో అర. ఆప్టిమైజ్ కొట్టకూడదు. భవ్య." ఎవరు చదివినా ఇంకో అర్థం రాకూడదని మూడుసార్లు సరిచూసుకున్నాను.

బుధవారం బట్టల షాపు వాళ్లు వచ్చారు. తిరునాళ్ల వారమంతా ఆటోలు తిరిగాయి.

మీరెప్పుడైనా మా వైపు రోడ్ల మీద వెళ్తుంటే, మైకు కట్టిన ఆటో ఒకటి ఎదురొస్తే, కాస్త ఆగి వినండి. బెల్లంకొండ పేరు దగ్గర గొంతు మారుతుంది. ఆ ఒక్క పేరూ నాది, దాన్ని మరిచిపోయినా ఫర్వాలేదు. దానికి ముందూ తర్వాతా వినపడే ఊళ్లన్నీ దయామణివి. ఆమె ఇప్పుడు కాగితం మీదే మాట్లాడుతుంది. ఆ గొంతు ఎవరిదని పక్కవాళ్లు అడిగితే పేరు చెప్పండి. దయామణిని గుర్తుపెట్టుకోండి.